చెయ్యి ఆగిందా, డబ్బా ఆగిందా

మా మామయ్య కాఫీ గ్లాసును ఎడమ చేత్తో పట్టుకుని ఉండడం నా కంట పడింది. పడకూడదనే ఆయన ఉద్దేశం. నా అడుగుల చప్పుడు వినగానే గ్లాసు అరుగు మీద పెట్టేసి, పేపరు ముందుకు లాక్కుని శ్రద్ధగా చదవసాగారు. ఆ పేజీ నిండా వధువు కావలెను, వరుడు కావలెను. డెబ్బై దాటిన మనిషికి అందులో అంత పనేమిటో నాకు అర్థం కాలేదు.

"కుడి చేతికేమయింది మామయ్యా?" అన్నాను.

"ఏమైద్ది? బాగనే ఉండాదే."

"బాగుంటే ఆ చేత్తో పట్టుకోండి గ్లాసు."

"కాఫీ అయిపొయ్యింది కదమ్మా," అంటూ సగం నిండి ఉన్న గ్లాసును పేపరు చాటుకు జరిపారు.

మాట పట్టుకుంటే వదలని మనిషినని నాకు ఊళ్లో పేరుంది. అది ఉత్తినే వచ్చిన పేరేమీ కాదు. అయినా ఆ ఉదయం ఇంకో మాట అనలేకపోయాను. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకోవడమంటే మా ఇంట్లో చిన్న సంగతి కాదు.

రెండేళ్ల కిందట ఆయనకు కుడివైపు పక్షవాతం వచ్చింది. కాలు తొందరగానే దారికొచ్చింది. చెయ్యి రాలేదు. విడవలూరుకూ అల్లూరుకూ మధ్యనున్న మా ఊళ్లో ఆ చెయ్యికి ఒక విలువుండేది. నారుమడిలో విత్తనం చల్లాలంటే పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చి ఆయన్ని పిలుచుకుపోయేవాళ్లు. ఆయన చల్లిన మడిలో ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా నారు లేవడం ఎవరూ చూడలేదు. అది హస్తవాసి అని వాళ్లనేవాళ్లు. నేను బీఎస్సీ చదివినదాన్ని కాబట్టి, కిటుకంతా మణికట్టు విసురులో ఉందని వాదించేదాన్ని. ఏ పేరు పెట్టుకున్నా అది పోయింది.

ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే అమ్మాయి ఆయన చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమంది. "పిలకాయలాడుకునేది నా చేతికిస్తావేందమ్మా," అని ఆయన దాన్ని విసరబోయారు. బంతి ఎక్కడికీ పోలేదు, ఆయన ఒళ్లోనే పడింది. ఆ తర్వాత ఆయన దాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

చెయ్యిని దారికి తెచ్చింది మా పాత కంప్యూటరు. మా అమ్మాయి ఇంటర్లో ఉండగా కొన్నది. అమ్మాయి చదువు అయింది, ఉద్యోగానికి చెన్నై పోవడమూ అయింది. కంప్యూటరు మాత్రం ముందు గదిలో పాత దుప్పటి కప్పుకుని అలాగే ఉండిపోయింది. ఒకసారి సెలవులకు వచ్చిన అమ్మాయి ఆ దుప్పటి లాగేసి, తాతను కుర్చీలో కూర్చోబెట్టి, చేతి కింద మౌసు పెట్టి, తెర మీద పేకముక్కలు పరిచింది. ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆట అది. పేకముక్కలు కనపడ్డాక మామయ్యకు ఇక చెప్పేదేముంది. మొదట్లో వేళ్లు మౌసు మీద ఊరికే పడి ఉండేవి. కొన్నాళ్లకు చూపుడువేలు నొక్కడం నేర్చింది. ఆ తర్వాత రాణిని ఈడ్చుకెళ్లి రాజు కింద పెట్టడం వచ్చింది. ఆట మొత్తం మొదటిసారి పూర్తయి ముక్కలన్నీ గెంతుకుంటూ తెర మీంచి కిందికి రాలినప్పుడు ఆయన పెట్టిన కేకకు అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

పేకాటంటే మా అత్తయ్యకు జన్మవైరం. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఎన్ని పేకకట్టలు పంటకాలవలో కలిపిందో ఆమెకే తెలియదు. అలాంటి మనిషి ఆ మరుసటి శుక్రవారం గడపకు పసుపు రాసి, దీపం పెట్టి, హారతి పళ్లెం పట్టుకుని తిన్నగా కంప్యూటరు దగ్గరికి వచ్చింది. తెర పక్కనున్న డబ్బాకు బొట్టు పెట్టింది, నాలుగు అక్షింతలు చల్లింది, హారతి తిప్పింది.

"పేకాటకు హారతా అత్తయ్యా?" అన్నాను.

"చెయ్యినిచ్చింది కదమ్మే. దానికో బొట్టు పెడితే నీ సొమ్మేం పొయ్యింది?"

నా సొమ్మేమీ పోలేదు. పెట్టుకోమన్నాను. అప్పటినుంచి శుక్రవారం వచ్చిందంటే దేవుడి తర్వాత వంతు దానిదే.

కంప్యూటరు మధ్యమధ్యలో ఆగిపోవడం ఎప్పుడు మొదలైందో మాకు తెలియదు. వాడే మనిషి చెబితేనే కదా తెలిసేది, ఆయన చెప్పలేదు. ఆట మధ్యలో తెర మీది బాణం గుర్తు నిలబడిపోయేది. మౌసు ఎటు తిప్పినా కదిలేది కాదు. మనమైతే యంత్రాన్ని తిడతాం. ఆయన తన చేతివంక చూసుకున్నారు.

ఈ సంగతి నేను ఆయన నోటినుంచి రాబట్టింది ఆ ఎడమ చేతి కాఫీ తర్వాత. పైటాల భోజనమయ్యాక ఆయన ముందు గదిలోకి వెళ్లకుండా అరుగు మీదే కూర్చున్నారు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ఆట మానేశారేం మామయ్యా?"

"ఎంత కాలమని ఆడేది. విసుగుపుట్టింది."

"పేకంటే మీకు విసుగా? అత్తయ్య వింటే పొంగలి పెడుతుంది."

ఆయన చేతిని మోకాలి మీద బోర్లించి, తిప్పి, మళ్లీ బోర్లించారు.

"చెయ్యి మళ్లీ పోతా ఉండాదమ్మా," అన్నారు. "నేను జరపతానే ఉంటా, అది జరగదు. అప్పుడూ ఇంతే కదా. ముద్ద ఎత్తినాననే అనుకున్యా. చూస్తే ముద్ద కంచంలోనే ఉండాది."

ఆ రోజు నాకూ గుర్తుంది. ఆ కంచంలో అన్నం వడ్డించింది నేనే.

"అది మీ చెయ్యి కాదు. కంప్యూటరు హ్యాంగ్ అవుతోంది. పాతదైతే అంతే," అన్నాను.

"నా మనసు నొచ్చుకుంటాదని అంటుండావు."

"మనసులు నొచ్చుకుంటాయని ఆగే మనిషినా నేను?"

ఆయన ఆలోచించారు. "అదీ నిజమే," అన్నారు గానీ నమ్మలేదు.

సరే, చూపిస్తే నమ్ముతారు కదా అని లోపలికి తీసుకెళ్లాను. యంత్రం ఏదైనా సరే, దాని ముందు కూర్చునేముందు వీపున ఒకటి వెయ్యడం నాకలవాటు. రేడియోల కాలంలో మొదలై టీవీల కాలం మీదుగా వచ్చిన అలవాటది. డబ్బాను ఒక్కటేసి, స్విచ్చి వేసి, ఆట తెరిచాను. మామయ్య పక్కన స్టూలు మీద కూర్చున్నారు. ఆడాను. ఇప్పుడాగుతుంది చూడండి అన్నాను. ఆగలేదు. ఇంకో ఆట ఆడాను. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వస్తున్నా లేవకుండా ఆడాను. అంత బుద్ధిగా నడిచిన యంత్రాన్ని నేనెన్నడూ చూడలేదు.

"నీ చేతికి బాగనే నడస్తాది కదమ్మా," అని ఆయన లేచి, నెమ్మదిగా బయటికి వెళ్లిపోయారు.

నేను ఏది కాదని నిరూపించడానికి కూర్చున్నానో దాన్నే రుజువు చేసి లేచాను.

ఆ సాయంత్రం మా ఆయన పొలంనుంచి రాగానే సంగతి చెప్పాను. మర్నాడే ఆయన తండ్రిని నెల్లూరు తీసుకెళ్లి డాక్టరుకు చూపించుకొచ్చారు. చెయ్యి ముందుకన్నా మెరుగైందే తప్ప తగ్గలేదని డాక్టరు చెప్పాడు. నాకు సగం బరువు దిగింది. మామయ్యకు గోరంత కూడా దిగలేదు.

"ఆయన వేలు పట్టుకోమంటాడు, పట్టుకున్యా," అన్నారు. "వేలు పట్టుకునేదానికేముంది, పసిబిడ్డ కూడా పట్టుకుంటాది. ముక్క జరపమంటే కదా తెలిసేది."

డాక్టరు మీద నెగ్గిన వాదన అది.

మిగిలింది యంత్రం. మా ఆయన సిద్ధాంతం ప్రకారం తప్పు రొయ్యల గుంటలది. ఊరిచుట్టూ గుంటలే, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లన్నీ ఒక్కసారి తిరిగితే కరెంటు దిగిపోతుంది, కంప్యూటరు తట్టుకోలేదు అన్నారు. మోటార్ల చప్పుడు వినపడే వేళ చూసి నేను కంప్యూటరు పెట్టాను, వీపున ఒకటేసి మరీ. ఇంట్లో లైటు మిణుకుమంది, కంప్యూటరు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త మౌసు తెచ్చి తగిలించాం. వెనకున్న తీగలన్నీ పీకి, తుడిచి మళ్లీ పెట్టాం. అమ్మాయి చెన్నైనుంచి ఫోన్లో చెబుతుంటే వైరస్ ఏమైనా ఉందేమోనని వెతికించాను. ఏమీ లేదు. కావలిలో కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేస్తే సంగతి సగం విని, "అంత పాతది ఎందుకు మేడమ్, మార్చేసుకోండి," అన్నాడు.

"మీ నాన్నగారికి ఒంట్లో బాగోకపోతే కూడా ఇలాగే చెబుతారా?" అన్నాను. పెట్టేశాడు.

మా ఆయన కూడా అదే పాట ఎత్తుకున్నారు. "కొత్తది కొందాం. ఈ డబ్బాను పాత సామాన్లోడికి వేసేద్దాం."

"కొత్తది కొంటే, పాతదాంట్లో ఆగిపోయింది తన చెయ్యేనని ఆయన నమ్మకం అలాగే నిలబడిపోతుంది. ఆయన కొత్తదాన్ని ముట్టుకుంటారనుకుంటున్నారా?"

"మరి దీన్నేం చేస్తావు?"

"ఆయన కళ్లముందు ఆగేలా చేస్తాను."

"బాగుచెయ్యడానికి మెకానిక్కులుంటారు గానీ, చెడగొట్టడానికి నువ్వు బయలుదేరినావా," అని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను కూర్చుంటే నడుస్తుంది, ఆయన కూర్చుంటే ఆగుతుంది. ఎంత వాదించేదాన్నైనా నాలోనూ ఒక పురుగు తొలవడం మొదలుపెట్టింది. డాక్టరు చూడనిది ఏదైనా ఉందేమో, నిజంగా చెయ్యేనేమో. ఆ రోజుల్లో ఆయన అన్నం తినే చెయ్యి వంక చూడకుండా వడ్డించడం నాకు పెద్ద పనైపోయింది.

తర్వాత శుక్రవారం వచ్చింది. అత్తయ్య గడప పూజ ముగించి ముందు గదిలోకి వచ్చేసరికి నేనక్కడే ఉన్నాను. మామయ్య ఆడడం మానేసినా ఆమె పూజ మానలేదు. మరింత ఎక్కువైంది కూడా. ఇంతకుముందు నాలుగు గింజలు చల్లే మనిషి ఇప్పుడు గుప్పెడు చల్లుతోంది. హారతి కళ్లకద్దుకుని ఆమె గుమ్మం దాకా వెళ్లాక, నేను కుర్చీ లాక్కుని, అలవాటుగా డబ్బా మీదికి చెయ్యెత్తాను.

"ఏమ్మే, బొట్టు పెట్టిన దాన్ని కొడతావా?"

ఎత్తిన చెయ్యి దించుకున్నాను. ఆమెతో వాదనకు దిగితే పైటాలవుతుందని, కొట్టకుండానే స్విచ్చి వేసి ఆట తెరిచాను. ముక్కలు పరుచుకున్నాయి. ఒక ఆట సగమైంది. నల్ల ఎనిమిదిని ఎర్ర తొమ్మిది మీదికి తీసుకెళుతున్నాను. దారి మధ్యలో ఎనిమిది ఆగిపోయింది.

మౌసు కుడికి తిప్పాను. ఎడమకు తిప్పాను. బల్ల మీంచి ఎత్తి మళ్లీ పెట్టాను. బాణం గుర్తు రాయిలా ఉండిపోయింది. ఒక యంత్రం చచ్చినందుకు అంత సంతోషించిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరు.

"మామయ్యా, ఒకసారి లోపలికి రండి," అన్నాను. మౌసు మీద చెయ్యి తియ్యలేదు, తీస్తే మళ్లీ కదులుతుందేమోనని భయం.

ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"దగ్గరికి రండి. ఇది నా చెయ్యి. తిప్పుతున్నాను. ఆ బాణం కదులుతోందా?"

ఆయన వంగి నా చేతిని చూశారు. తెరను చూశారు. మళ్లీ నా చేతిని చూశారు.

"నీక్కూడానా?"

"నాక్కూడా."

"నీ చెయ్యి బాగనే ఉండాది కదా?"

"పొద్దున మీకు దోసెలు పోసింది ఈ చెయ్యే."

ఆయన ఇంకా ఒప్పుకోలేదు. గుమ్మంలో ఉన్న అత్తయ్యను పిలిచారు. "ఇట్రా, నువ్వు తిప్పు."

"నేనా? ఆ పేకాటను నేను ముట్టుకోను."

"శుక్రవారం శుక్రవారం దాని నెత్తినెక్కి కూర్చుంటావు, ముట్టుకోనంటావేంది. తిప్పు."

అత్తయ్య కొంగుతో చెయ్యి తుడుచుకుని, గంధం అరగదీసినట్టు మౌసును గుండ్రంగా తిప్పింది. ఎనిమిది ఉన్నచోటే ఉంది. చివరికి ఆయనే ముందుకు వచ్చి తన కుడి చేతిని మౌసు మీద పెట్టారు. అటూ ఇటూ తిప్పారు. ఈసారి ఆయన చేతివంక చూసుకోలేదు, తెరవంకే చూస్తున్నారు.

"ముగ్గురికీ ఒకేసారి రాదు కదా పక్షవాతం," అన్నాను.

మామయ్య స్టూలు మీద కూర్చుండిపోయారు. "దొంగముండ," అన్నారు కంప్యూటరును. ఎన్నాళ్లనుంచో దిగమింగుకున్న తిట్టు అది. ఆ ఒక్క మాటతో ఇంట్లో గాలి తేలికపడింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, హారతి పొగ అని చెప్పి తుడుచుకున్నాను.

అప్పుడు గమనించాను, గది నిశ్శబ్దంగా ఉంది. ఈ డబ్బా నడుస్తున్నంతసేపూ కందిరీగ తిరుగుతున్నట్టు ఒక మోత ఉంటుంది. చెవి ఆనించి విన్నాను. మోత లేదు, పైన ముట్టుకుంటే పెనంలా ఉంది. కరెంటు తీసేసి మరలు విప్పబోతే ఉప్పుగాలికి తుప్పు పట్టి ఒక్కటీ తిరగలేదు. కిరసనాయిలు చుక్కలు వేసి నానబెట్టి, కుట్టుమిషను స్క్రూడ్రైవరుతో తిప్పితే మూలుగుతూ ఊడాయి. రేకు పైకెత్తాను.

లోపలంతా పచ్చగా ఉంది.

అక్షింతలు. నెయ్యి, పసుపు, దుమ్ము కలిసి ముద్దకట్టి కొన్ని అడుగున పరుచుకుని ఉన్నాయి. కొన్ని చిన్న ఫ్యాను రెక్కల సందుల్లో బిగుసుకుని ఉన్నాయి. ఒకసారి వానకు ముందు గదిలోకి నీళ్లొచ్చినప్పుడు మా ఆయన ఆ డబ్బాను నేలమీంచి తీసి, బల్ల మీద పక్కకు పడుకోబెట్టారు. దాని పక్కనుండే గాలి చిల్లులు ఆకాశానికి తిరిగాయి. పీటలా పడుకున్నదానికి అత్తయ్య అక్షింతలు వేసింది. దేవుడికి సన్నబియ్యం తప్ప వాడని మనిషి ఆమె, సన్నగింజ ఆ చిల్లుల్లోంచి సుఖంగా దిగింది. పైనున్నవి మర్నాడు నేను ఊడ్చేసేదాన్ని. లోపలికి పోయినవి ఫ్యానును పట్టుకున్నాయి. ఫ్యాను ఆగితే వేడి, వేడెక్కితే కంప్యూటరు ఆగడం. నేను వీపున ఒకటి వేసినప్పుడల్లా గింజలు సడలి ఫ్యాను తిరిగేది. మామయ్య విత్తనం చల్లిన మనిషి, జీవితంలో దేన్నీ కొట్టి ఎరగరు. అందుకే ఆయనకు ఆగింది, నాకు ఆగలేదు.

ఇదంతా నేను గొంతు పెంచే చెప్పాను. అత్తయ్య డబ్బాలోకి తొంగిచూసింది. ఒక్క క్షణం ఆమె మొహంలో రంగు మారింది. అంతలోనే సర్దుకుంది.

"ఆ చిల్లులు పైకి పెట్టిందెవురు?"

"మీ అబ్బాయి."

"మరి? వాణ్ణి అడుగు. నేను దేవుడికి చల్లినా, చిల్లుకు చల్లినానా?"

ఇంట్లో లేనివాడి మీదికి నేరం తోసెయ్యడం ఎంత హాయో. పొలంలో ఉన్న మా ఆయన్ని ఇద్దరం కలిసి కాసేపు తిట్టుకున్నాం. మామయ్య మా మాటలు వినడం లేదు. కళ్లజోడు పెట్టుకుని డబ్బా మీదికి వంగారు.

"ఆగండి, చీపురు పుల్ల తెస్తాను," అన్నాను.

"పుల్లెందుకు," అన్నారు.

కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ రెక్కల సందులోకి దించి, బిగుసుకున్న గింజను కదిలించి, కదిలించి, పైకి తీశారు. ఎడమ అరచేతిలో వేసుకున్నారు. మళ్లీ దించారు. ఒక గింజ జారి అడుగున పడింది. దాన్ని వెతికి తీశారు. వేళ్లు వణుకుతున్నాయి, అయినా గింజను వదలలేదు. ఆయన నారు పోసే ముందు విత్తనాల్లోంచి బెరకు గింజలు ఏరే మనిషిలా, ఎవరూ లేనట్టు, గింజగింజా ఏరుతూ కూర్చున్నారు. రెక్కను వేలితో తోస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. ఆయన ఇంకోసారి తోశారు, అవసరం లేకపోయినా.

అరచేతిలో పోగైన నల్లటి, పసుప్పచ్చటి గింజల్ని ఏం చెయ్యాలో తెలియక అత్తయ్యవైపు చూశారు.

"తొక్కే చోట వెయ్యబాకు," అంది ఆమె. ఆ మురికి గింజల్ని కొంగులో పట్టుకుని, వాటిలోంచి కొన్ని తీసి ఆయన నెత్తిన వేసింది. ఆయన తల విదిలించుకున్నారు గానీ పక్కకు జరగలేదు.

ఇప్పుడు డబ్బా నిలబడి ఉంటుంది, చిల్లులు గోడవైపు. శుక్రవారం బొట్టు తెరకు పెడుతుంది అత్తయ్య, అక్షింతలు ఆడుతున్న మనిషి తల మీద పడతాయి. ముక్కలు జరుపుతూ ఆయన విసుక్కుంటారు. ఒక్కోసారి ఆయన వేలు ఆలస్యంగా నొక్కుతుంది, ముక్క తప్పుచోట పడుతుంది. "చూసినావా, మళ్లీ ఆగింది దొంగముండ," అని కేకేస్తారు. నేను వంటింట్లోంచి వింటూనే ఉంటాను, ఫ్యాను మోత కూడా వినిపిస్తూనే ఉంటుంది. ఆగలేదని నాకు తెలుసు. "పాతదైపోయింది కదా మామయ్యా," అంటాను. ఆయన కాఫీ అడుగుతారు. గ్లాసు కుడివైపు పెట్టి వస్తాను.